బస్తర్‌కు వెళ్లిపొమ్మనే ముందు

(హైదరాబాద్‌లో విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాది భద్రాచలం వైపు ఒక మాలపల్లె. చిన్నప్పుడు అమ్మ వెంట మిరపకాయలు ఏరడానికి పోయేవాడిని. పక్క సాళ్లలో బస్తర్ నుంచి వచ్చిన ఆదివాసులు ఉండేవారు. ఏరుడు అయిపోగానే కూలి తీసుకుని ఊళ్లకు వెళ్లిపోయేవారు. 2005 తర్వాత వచ్చినవాళ్లు మాత్రం వెళ్లలేదు. వాళ్లను మేం గొత్తికోయలు అన్నాం. ఎందుకు ఆగిపోయారని అడగడానికి మాకు చాలా ఏళ్లు పట్టింది.

2005 జూన్‌లో అప్పటి దంతెవాడ జిల్లాలో సల్వాజుడుం మొదలైంది. ఊళ్లను తగలబెట్టి జనాన్ని రోడ్డు పక్క క్యాంపులకు తరలించారు. క్యాంపుకు పోనివాళ్లు అడవిలోకి, గోదావరి లోయలోకి వచ్చారు. ఇన్ఫార్మర్లన్న ముద్రతో మావోయిస్టులు చంపుతారని భయపడి వచ్చినవాళ్లూ ఉన్నారు. 2011 జూలై 5న నందినీ సుందర్ కేసులో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ధర్మాసనం ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి స్పెషల్ పోలీసులుగా వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. అదే ఏడాది ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చి వాళ్లను సహాయక బలగంగా మార్చుకుంది.

2025 మేలో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి బసవరాజు ఎన్‌కౌంటర్‌లో చనిపోయాక ఒక మాట తరచుగా వింటున్నాను. 'గొడవ సద్దుమణిగింది కదా, ఇక వాళ్ల ఊళ్లకు వాళ్లు వెళ్లిపోవచ్చు కదా?' ఈ మాట అనేవాళ్లంతా చెడ్డవాళ్లు కాదు. కానీ ఒకసారి తిరిగి వెళ్లినవాళ్లకు ఏమైందో చూద్దాం.

బీజాపూర్ జిల్లా బాసగూడ దగ్గర సర్కేగూడ అనే ఊరుంది. సల్వాజుడుం కాలంలో కాలిపోయిన ఊరు. అక్కడివాళ్లు ఇటు పారిపోయి వచ్చి, కొన్నేళ్లకు తిరిగి వెళ్లి ఇళ్లు కట్టుకున్నారు. 2012 జూన్ 28 రాత్రి విత్తనాల పండుగ గురించి మాట్లాడుకోవడానికి కూడినవాళ్లపై బలగాలు కాల్పులు జరిపాయి. 17 మంది చనిపోయారు. వాళ్లలో మైనర్లు ఉన్నారు. మావోయిస్టులను చంపామని ముందు చెప్పారు. చనిపోయినవాళ్లు మావోయిస్టులనడానికి ఆధారం లేదని జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ తేల్చింది. ఆ నివేదిక 2019లో బయటికి వచ్చింది. కాలిపోయిన ఊళ్లలో జనాన్ని తిరిగి నిలబెట్టడానికి పూనుకున్న హిమాంశు కుమార్ ఆశ్రమాన్ని 2009 మేలో కూల్చేశారు.

అందుకే తుపాకులు ఆగాయా అన్న ఒక్క ప్రశ్న చాలదు. అన్యాయం జరిగితే మాట్లాడే వీలుందా అని కూడా అడగాలి. 2021 మేలో సిల్గేర్‌లో పోలీసు క్యాంపు వద్దన్న జనంపై కాల్పులు జరిగాయి. ఆ ఆందోళన నుంచి పుట్టిన మూలవాసీ బచావో మంచ్‌ను 2024 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది. నోరు తెరిస్తే నిషేధించే చోటికి వెళ్లమని భరోసాగా ఎలా చెబుతాం?

ఇక ఇక్కడి సంగతి. రాజ్యాంగం 342వ అధికరణ కింద తెగల జాబితా రాష్ట్రాల వారీగా ఉంటుంది. రాష్ట్రం మారితే ఆ హోదా వెంట రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పిటిషనర్ మన తెలుగు విద్యార్థే, కుటుంబం బొంబాయి వెళ్లింది. అదే సూత్రం సరిహద్దు దాటి వచ్చిన ఆదివాసీకి ఎస్టీ సర్టిఫికెట్ లేకుండా చేస్తోంది. రిజర్వేషన్ గురించి ప్రతిరోజూ మాట్లాడే మనం ఈ సంగతి ఎంత మాట్లాడాం?

అటవీ హక్కుల చట్టం మరింత విచిత్రం. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉండాలి. చట్టం అమల్లోకి వచ్చిన 2007 డిసెంబర్ 31న కూడా భూమి చేతిలో ఉండాలి. ఇక్కడ చూస్తే మొదటి తేదీ తర్వాత వచ్చినవాళ్లే ఎక్కువ. అక్కడ చూస్తే రెండో తేదీ నాటికి వాళ్లను ఊరి నుంచి తరిమేశారు. రెండు చోట్లా భూమి లేదు. పునరావాసం ఇవ్వమనే సెక్షన్ 3(1)(ఎం) ఉంది. అది కూడా 2005 డిసెంబర్ 13కు ముందు నిర్వాసితులైన వాళ్లకే. ఇల్లు నవంబర్‌లో కాలితే హక్కు, జనవరిలో కాలితే లేదు.

2022 నవంబర్‌లో చండ్రుగొండ మండలంలో అటవీ రేంజ్ అధికారి హత్య జరిగింది. అది ఘోరం, దోషులకు శిక్ష పడాల్సిందే. కానీ తర్వాత బెండాలపాడు గ్రామసభ గొత్తికోయలందరినీ ఛత్తీస్‌గఢ్‌కు పంపేయాలని తీర్మానించింది. ఒకరి నేరానికి కులం మొత్తాన్ని వెలివేయడం మనకు కొత్తా? మన తాతల మీద ప్రయోగించిన పద్ధతే అది.

నిర్వాసితుల గురించి ఐక్యరాజ్యసమితి 1998లో మార్గదర్శక సూత్రాలు చేసింది. తిరిగి వెళ్లడం స్వచ్ఛందంగా, భద్రంగా, గౌరవంగా ఉండాలని, ఆ నిర్ణయంలో నిర్వాసితులే పాలుపంచుకోవాలని వాటి సారాంశం. అవి మన కోర్టులను కట్టిపడేసే చట్టం కాదు. కానీ 'స్వచ్ఛందంగా' అన్న మాటకు అర్థం ఉండాలంటే, వెళ్లనని చెప్పినవాళ్లకు ఇక్కడ బతికే దారి ఉండాలి. ఇక్కడ గుడిసె పీకేస్తూ అక్కడికి వెళ్లమంటే అది తరిమేయడమే.

కాబట్టి నా సమాధానం ఇది. వెళ్లాలనుకునేవాళ్లకు భూమి కాగితం చేతికిచ్చి పంపాలి. సర్కేగూడ లాంటి కేసుల్లో బాధ్యులను తేల్చాలి. ఉండాలనుకునేవాళ్లకు ఇక్కడ ఎస్టీ హోదా, రేషన్, బడి ఇవ్వాలి. ఈ రెండూ ఉన్నప్పుడే వాళ్లు ఎంచుకోగలరు.

మీలో పరిశోధన చేసేవాళ్లు ఉన్నారు. ములుగు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లోని ఆ గుడిసెలకు వెళ్లండి. వాళ్ల భాష వచ్చినవాళ్లను వెంట తీసుకెళ్లండి. మీరు వెళ్తారా, ఉంటారా, ఎందుకు అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాయండి. ఇరవై ఏళ్లుగా వాళ్ల గురించి అందరం మాట్లాడుతున్నాం. మా అమ్మ పక్క సాలులో నిలబడ్డవాళ్లను నేను కూడా ఆ రోజు అడగలేదు.

జై భీమ్.