ఒకటో తేదీ నగదు, ఇరవయ్యో తేదీ అరువు

(జంషెడ్‌పూర్‌లో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబ సమావేశంలో సమాఖ్య పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



సమాఖ్య వేదికల మీద మనము సాధారణంగా వేతన సంఘాన్ని గురించి, కరవు భత్యాన్ని గురించి, ఖాళీల భర్తీని గురించి, పెన్షన్‌ను గురించి మాట్లాడుకుంటాము. అవి మాట్లాడుకోక తప్పదు. అయితే యీ సాయంత్రం మరొక విషయం మీ ముందు వుంచదలచాము. పోరాడి సంపాదించుకున్న జీతం మన చేతినుంచి ఎవరి చేతికి పోతున్నది, ఏ తేదీన పోతున్నది అన్నదే ఆ విషయం. ఇది ఇంటి లెక్క గదా, సంఘానికి ఇందులో ఏమి పని అని కొందరికి తోచవచ్చును. సంఘానికి చాలా పని వున్నదని మనవి చేయడానికే వచ్చాము.

కొంతకాలం క్రితం సభ్యత్వపు పనిమీద పర్సుడీ ప్రాంతంలో తిరుగుతూ, ఒక చిన్న కిరాణా కొట్టు దగ్గర మంచినీళ్ళకు ఆగాము. ఆ కొట్టు నడుపుతున్న వృద్ధురాలు శ్రీకాకుళం వైపునుంచి వచ్చి స్థిరపడిన కుటుంబానికి చెందినవారు. మేము యూనియన్ వాళ్ళమని తెలుసుకొని ఆమె గల్లాపెట్టె కింది నుంచి పద్దు పుస్తకం తీశారు. "బాబూ, ఒకటో తారీఖున మీ వాళ్ళు పెద్ద బజారు సంచులు పట్టుకొని నా కొట్టు ముందునుంచే పోతారు. ఇరవయ్యో తారీఖున నా దగ్గరకు వచ్చి యీ పుస్తకం తియ్యమంటారు" అన్నారు. ఆ మాటలో కోపం లేదు. వున్న సంగతి చెప్పారు, అంతే. ఆ పుస్తకంలో మన సభ్యుల పేర్లు వున్నాయి. శాఖా బాధ్యుల పేర్లు కూడా వున్నాయి. ఆమెకు ఏమి సమాధానం చెప్పాలో మాకు తోచలేదు. యీ ప్రసంగం ఆమెకు ఆలస్యంగా ఇస్తున్న సమాధానమని మీరు అనుకోవచ్చును.

నగదు పెద్ద దుకాణానికి, అరువు చిన్న దుకాణానికి. యీనాడు మన కుటుంబాలలో పాతుకుపోతున్న అలవాటు ఇది. ఇందులో దురుద్దేశం లేదు. మన ఇండ్లలో ఇబ్బంది నిజమైనది. 2020 జనవరి, 2020 జూలై, 2021 జనవరి తేదీలకు రావలసిన మూడు కరవు భత్యపు వాయిదాలను ప్రభుత్వం నిలిపివేసింది. 2021 జూలై నుంచి భత్యాన్ని పునరుద్ధరించినా, ఆ 18 నెలల బకాయిని చెల్లించలేదు. గ్రామీణ డాక్ సేవకుల పరిస్థితి, రైల్వేలో కాంట్రాక్టు కార్మికుల పరిస్థితి ఇంకా కష్టమైనది. పిల్లల ఫీజులు, మందులు, అద్దె పోగా, చేతిలో మిగిలిన నోట్లను జాగ్రత్తగా ఖర్చుపెట్టాలనుకోవడం తప్పు కాదు. అందుచేత యీ అలవాటు ఎవరికి ఎంత భారమవుతున్నదో తెలుసుకుంటే చాలును, దిద్దుకునే మార్గం మనకే కనిపిస్తుంది.

ఒక చిన్న లెక్క వేద్దాము. ఒక కొట్టు పద్దు పుస్తకంలో నలభై కుటుంబాలు వున్నాయనుకుందాము. ఒక్కొక్కరి బాకీ రెండు వేల రూపాయలు. మొత్తం ఎనభై వేలు. జుగ్సలాయిలో బియ్యం, పప్పు, నూనె సరఫరా చేసే టోకు వర్తకుడు మన జీతాల తేదీ కోసం ఆగడు. కొట్టు యజమాని ఆ ఎనభై వేలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి సరుకు నింపవలసి వస్తే, నెలకు 2,400 రూపాయలు వడ్డీ కట్టాలి. ఆ వడ్డీ వాస్తవానికి మనము కట్టవలసినది. ఆ కొట్టు యజమాని మన తరఫున కడుతున్నారు. అరువు సొమ్ము బరువు చేటు అన్నారు పెద్దలు. ఇక్కడ సొమ్ము మనది, బరువు మాత్రం వారిది.

ఇంకొక సంగతి చూడండి. 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం వీధి వర్తకులకోసం పి.ఎం. స్వనిధి పథకాన్ని ప్రారంభించినప్పుడు మొదటి విడత రుణం 10,000 రూపాయలు. 2025లో దానిని 15,000 రూపాయలకు పెంచారు. అంటే, లాక్‌డౌన్‌లో నిలిచిపోయిన తోపుడు బండి తిరిగి కదలడానికి పది వేలు అవసరమని ప్రభుత్వమే లెక్క కట్టింది. ఐదు కుటుంబాలు రెండేసి వేలు చెల్లించకుండా ఆపితే, ఒక బండి పెట్టుబడి అంతా ఆగిపోయినట్లే. బాంకు ఇచ్చిన రుణం కూడా మన పద్దులోనే చిక్కుకుంటుంది.

మిత్రులారా, మనము యీ పట్టణానికి ఎట్లా వచ్చామో ఒకసారి జ్ఞాపకం చేసుకుందాము. 1912లో సాక్చీలో ఉక్కు తయారీ ఆరంభమయింది. 1919లో యీ ఊరికి జంషెడ్‌పూర్ అనీ, కాళీమాటి స్టేషన్‌కు టాటానగర్ అనీ పేర్లు పెట్టారు. మన తాతలు, తండ్రులు బెంగాల్-నాగపూర్ రైల్వే దారి పట్టుకొని ఇటు వచ్చారు. ఆ రైల్వే కార్మికులను కూడగట్టిన నాయకులలో బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి ప్రముఖులు. 1927లో ఖరగ్‌పూర్ కార్మికులు సాగించిన సమ్మెలు యీ మార్గం పొడుగునా కార్మిక చరిత్రలో నిలిచిపోయాయి. కొత్త ఊరికి వచ్చిన కూలివానికి బాంకు అప్పు ఇవ్వదు. భాష రానివానిని నమ్మి మొదటి నెల బియ్యం ఇచ్చేది ఎప్పుడూ వీధి చివరి కొట్టే.

అదే సంగతి 1974లో మరింత పెద్దయెత్తున రుజువయింది. ఆ సంవత్సరం మే 8న అఖిల భారత రైల్వే సమ్మె ప్రారంభమయింది. 17 లక్షలమంది కార్మికులు అందులో పాల్గొన్నారని లెక్క. మే 27న సమ్మెను విరమించేవరకు వేలాదిమందిని అరెస్టు చేశారు. అనేకచోట్ల కుటుంబాలను క్వార్టర్లనుంచి వెళ్ళగొట్టారు. ఉద్యోగాలు పోయినవారికి నెలల తరబడి జీతం లేదు. అప్పటికి మేము చిన్నపిల్లలము. అయినా మా పెద్దలు చెప్పగా పదేపదే విన్నాము: ఆ రోజులలో పొయ్యి మీద ఎసరు పెట్టగలిగామంటే, పక్క వీధి కొట్టువారు పద్దు మూసివేయకపోవడం చేతనే అని. భర్త జైలులో వుండగా భార్య కొట్టు ముందు నిలబడితే, బాకీ ఎంతయిందని అడగకుండా బియ్యం కొలిచి పోసినవారు వున్నారు. వారి పేర్లు ఏ సమ్మె చరిత్రలోనూ లేవు.

ఆ సమ్మె కోర్కెలలో బోనస్ ఒకటి. 1979లో రైల్వే ఉద్యోగులకు ఉత్పాదకతతో ముడిపడిన బోనస్‌ను అంగీకరించారు. తరువాత తపాలా ఉద్యోగులకు కూడా వర్తించింది. 2025లో రైల్వేలో 78 రోజుల వేతనానికి గాను గరిష్ఠంగా 17,951 రూపాయల బోనస్ ప్రకటించారు. దసరాకు ముందు ఆ డబ్బు చేతికి రాగానే ఎక్కడికి పోతున్నదో ఎవరికి వారు ఆలోచించుకోవాలి. చిన్న కొట్టు అరువు మీద నిలబడి చేసిన పోరాటపు ఫలితం అది. దానిలో మొదటి భాగం ఆ పద్దు తీర్చడానికి పోవడం న్యాయం గదా!

ఇక్కడ కొందరు ఒక ప్రశ్న వేస్తారు: "పెద్ద దుకాణంలో నూనె, సబ్బులు చవక. మాకు లేని డబ్బు పోగొట్టుకొని చిన్న కొట్టును పోషించమంటారా?" ఆ మాట మేము అనడంలేదు. నెలసరి వెచ్చాలు ఎక్కడ చవకో అక్కడ కొనుక్కొనే హక్కు మీకున్నది. ఆన్‌లైనులో కొనవద్దని కూడా అనము. ఆ పార్సిళ్ళు మోసే పనిలో మన తపాలా సోదరులే వున్నారు. అయితే లెక్క పూర్తిగా వేయండి. రానుపోను ఆటో చార్జీ కలపండి. చవక అన్న పేరుతో అవసరం లేకుండా సంచిలోకి వచ్చిన వస్తువులను కలపండి. కావలసినంత మాత్రమే, పావుకిలో పప్పు, పది రూపాయల అల్లం, కొనగలిగే చోటు చిన్న కొట్టే. తెగిన చెప్పు కుట్టించుకుంటే, కాలర్ చిరిగిన చొక్కాను దర్జీ చేత తిప్పించుకుంటే, మిక్సీని బాగుచేయించుకుంటే, మన డబ్బూ మిగులుతుంది, ఒక పనివానికి కూలీ దొరుకుతుంది. మరమ్మతు చేసేవాని దగ్గర మన పొదుపు, అతని బ్రతుకు ఒకే దారిలో నడుస్తాయి.

పటమ్‌దా, పోట్కా గ్రామాల వైపునుంచి కూరగాయలు తెచ్చి బజారులో నేలమీద కూర్చునే స్త్రీలను మీరు రోజూ చూస్తున్నారు. పెద్ద దుకాణంలో అట్టమీద ముద్రించిన ధరను మారుమాట లేకుండా చెల్లించే మనము, ఆకుకూర కట్ట దగ్గర రెండు రూపాయలకు పావుగంట బేరమాడుతాము. ఆ రెండు రూపాయలతో మన బడ్జెట్ నిలబడదు. ఆమెకు తిరుగు బస్సు చార్జీలో అది ఒక భాగం.

చిన్న వర్తకులందరూ పుణ్యపురుషులని కూడా మేము చెప్పము. తూకంలో మోసం చేసేవారున్నారు. గడువు తీరిన సరుకు అంటగట్టేవారున్నారు. కొట్టులో పనిచేసే కుర్రవానికి కూలీ సరిగా ఇవ్వనివారున్నారు. ముద్ర వేసిన తూనికరాళ్ళు వాడమని, ముద్రించిన ధరకు మించి తీసుకోవద్దని అడిగే హక్కు మనకున్నది. చట్టం కూడా అదే చెబుతున్నది. అయితే బాకీ వున్న మనిషి నోరు పెగలదు. తూకం తప్పని తెలిసినా, పద్దులో రెండు వేలు వున్నవాడు మాట్లాడలేడు. బాకీ తీర్చినవాడే నిలబడి అడగగలడు.

ఇంగ్లండులోని రాచ్‌డేల్ కార్మికులకు యీ సత్యం బాగా తెలుసు. 1844 డిసెంబరులో అక్కడి 28 మంది సభ్యులు, వారిలో చాలామంది నేతపనివారు, సొంత సహకార దుకాణం తెరిచారు. పిండి, వెన్న, పంచదార, ఓట్సు పిండి, కొవ్వొత్తులు, అంతే సరుకు. వారు పెట్టుకున్న కట్టుబాట్లలో ముఖ్యమైనది: అరువు లేదు, నగదే. అరువు కొట్టుకు కట్టుబడిన కార్మికుడు ధరనూ ప్రశ్నించలేడు, కల్తీనీ ప్రశ్నించలేడని వారు అనుభవం మీద గ్రహించారు. మన జీవితాలలో అరువును పూర్తిగా మానడం సాధ్యం కాకపోవచ్చును. దానికి ఒక హద్దు, ఒక తేదీ పెట్టుకోవడం మాత్రం సాధ్యమే.

వీధి వర్తకులకు మన సంఘబలం అవసరమైన సందర్భం మరొకటి వున్నది. 2014లో వీధి వర్తకుల జీవనోపాధి రక్షణ చట్టం వచ్చింది. సర్వే జరిపి, ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ తొలగించరాదని ఆ చట్టం చెబుతున్నది. తొలగించవలసి వచ్చినా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. పట్టణ వీధి వర్తక కమిటీలో కనీసం నూటికి నలభైమంది వర్తకుల ప్రతినిధులే వుండాలి, వారిలో మూడోవంతు స్త్రీలు వుండాలి. బండిమీద టీ అమ్మేవానికి యీ సెక్షన్లు తెలియవు. నోటీసులు చదవడం, వాటికి జవాబులు రాయడం మనకు నిత్యకృత్యం. ఒక అర్జీ రాసి పెట్టడానికి మనకు అరగంట పడుతుంది. దానితో ఒక కుటుంబపు జీవనాధారం నిలబడవచ్చును.

కనుక సమాఖ్య పక్షాన ఐదు మాటలు మనవి చేస్తున్నాము. మొదటిది, జీతం వచ్చిన ఐదు రోజులలోగా చిన్న కొట్టు పద్దు తీర్చాలి. ఆ తరువాతనే పెద్ద బజారుకు వెళ్ళాలి. రెండవది, ప్రతి కుటుంబమూ తన అరువుకు ఒక హద్దు గీసుకొని, దానిని కొట్టు యజమానికి ముందే చెప్పాలి. మూడవది, కొత్త వస్తువు కొనేముందు పాతది బాగవుతుందేమో మరమ్మతు చేసేవానిని అడగాలి. నాలుగవది, మన శాఖలు సభలకు తెప్పించే టీ, భోజనాలు, షామియానా, కరపత్రాల అచ్చు, వీటిని స్థానికులనుంచే తీసుకొని, సభ ముగిసిన రోజుననే డబ్బు చెల్లించాలి. మన యూనియన్ల బాకీలు కూడా కొన్ని పద్దులలో వున్నాయని సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాము. ఐదవది, ప్రతి శాఖలో ఒకరు వీధి వర్తకుల అర్జీలు రాసిపెట్టే బాధ్యత తీసుకోవాలి.

వీటికి జీతం పెరగనక్కరలేదు, కొత్త ఖర్చు లేదు. ఇచ్చే డబ్బునే ముందు ఎవరికివ్వాలో వారికి ఇవ్వడం, అంతే. పెద్ద దుకాణానికి మన పేరు తెలియదు. రేపు మన సస్పెన్షన్ ఉత్తర్వు వస్తే, మరొక సమ్మె వస్తే, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి పాలయితే, అది మనకు కిలో బియ్యం అరువు ఇవ్వదు. ఇచ్చే కొట్టు ఆనాటికి తెరిచి వుండాలంటే, దానిని యీనాడు మనము నిలబెట్టుకోవాలి.

పర్సుడీలో ఆ వృద్ధురాలి కొట్టు యీ రోజుకు తెరిచే వున్నది. వచ్చే ఒకటో తారీఖున మన వాళ్ళు సంచులు పట్టుకొని ఆమె కొట్టు ముందునుంచి పోకుండా, లోపలికి వెళ్ళి ముందుగా పద్దు పుస్తకం తియ్యమని అడగాలని మా కోరిక. సెలవు.