తెరమీది తెలుగు: నాడు, నేడు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పాత సినిమాలు గొప్పవా, కొత్త సినిమాలు గొప్పవా అన్న విషయముపై మాట్లాడవలసినదని కార్యదర్శిగారు మమ్ములను ఆజ్ఞాపించినారు. మేము పండితులము కాము. మెట్రిక్యులేషను చదివి రైల్వేలో గుమాస్తా ఉద్యోగము చేసుకొనుచున్నాము. అయినను సినిమా చూడని తెలుగువాడెవడు? కనుక ధైర్యము చేసినాము.

ఈ చర్చ వచ్చినప్పుడెల్ల పెద్దలు పాత పాటల మాధుర్యమును, కుర్రవారు కొత్త చిత్రముల హంగును చెప్పుదురు. రెండును నిజమే. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో మార్కస్ బార్‌ట్లే చూపిన వెన్నెల ఇంకను చల్లగనే ఉన్నది. పాండవులలో ఒక్కరినైనను చూపకుండ ఆ కథ నడిపిన నేర్పు కె.వి. రెడ్డిగారిది. ఇక 2022 నాటి ‘ఆర్.ఆర్.ఆర్.’లోని పాటకు 2023లో ఆస్కార్ బహుమతి వచ్చినప్పుడు సంతోషించనివారు మనలో లేరు.

కాని కోరాపుట్, రాయగడలలో ఉన్న మనకు వేరొక కొలత కావలెను. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడువరకు ఈ సీమ విశాఖపట్నం జిల్లాలోనిదే. తరువాత విజయనగరం నుండి రాయగడ మీదుగా రాయపూర్ పోవు రైలు, కొత్తవలస నుండి కోరాపుట్ మీదుగా కిరండూల్ పోవు రైలు మనలో అనేకులను ఇక్కడికి చేర్చినవి. మన పిల్లలు బడిలో ఒడియా, హిందీ, ఇంగ్లీషు నేర్చుచున్నారు. ఇంటిలో వారు వినే తెలుగు ‘అన్నము తిను, స్నానము చేయి’ వరకే. అంతకు మించిన తెలుగు వినవలెనన్న సినిమాయే దిక్కు.

ఈ కొలతతో చూడుడు. ‘మాయాబజార్’లో పింగళి నాగేంద్రరావుగారు రాక్షసుల నోట ‘అసమదీయులు, తసమదీయులు’ అనిపించినారు. ఆ మాటకు నవ్వు రావలెనన్న ‘అస్మదీయులు’ అనగా ఏమో తెలియవలె. 1951 నాటి ‘మల్లీశ్వరి’లో దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి మాటలు ప్రతి అక్షరము విడివిడిగ వినబడును. పిల్లవానికి అది ఖర్చులేని బడి.

మరి నేడు? 2021లో వచ్చిన ‘పుష్ప’లో చిత్తూరు యాస ఎంతో సొంపైనది. మా క్వార్టర్ల పిల్లలకు అందులోని సంభాషణలన్నియు కంఠస్థమే, కాని హిందీలో! హీరో తెలుగువాడు, దర్శకుడు తెలుగువాడు, చూచిన పిల్లవాడు తెలుగువాడు. మధ్యలో తెలుగు మాత్రము లేదు. తప్పు పిల్లలది కాదు. టీవీలోను, ఫోనులోను వారికి ముందు దొరికినది అదే. ‘మాయాబజార్’ను సయితము తమిళములో తీసిరి. అది తమిళులకొరకు. తెలుగువాడు తెలుగులోనే చూచెను.

అట్లని కొత్తదెల్ల చెడ్డదనరాదు. మనలో చాలమందికి పుట్టినిల్లు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతములు. పాత చిత్రములలో కథానాయకుల నోట మన యాస అరుదు. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’లో ఆ ఊరివారే అనేకులు నటించి, మన అమ్మలు, పిన్నమ్మలు మాట్లాడినట్లే మాట్లాడినారు. ఈ విషయమున మార్కులు కొత్తవారికే.

కావున మా మనవి ఒక్కటి. మన సంఘమున నెలకొక చిత్రము వేయుదము. ఒక నెల పాతది, ఒక నెల కొత్తది, రెండును తెలుగులోనే. చూచిన పిమ్మట ఒక పిల్లవాడో, పిల్లయో లేచి ఆ కథ తెలుగులో చెప్పవలె. మాట తడబడితే పెద్దలు నవ్వరాదు, అందించవలె. అప్పుడు తాతగారికి పాత సినిమాయు, మనుమనికి కొత్త సినిమాయు దక్కును. ఇద్దరికి మాట్లాడుకొనుటకు ఒక భాష మిగులును.