దూరప్రయాణపు మోటారుసైకిలు - ఇంధనపు పంపు
(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభయందు చేసిన ఉపన్యాసము)



పాఠశాల సభలో మోటారుసైకిలును గూర్చి ఉపన్యాసమేమి యని పెద్దలు కొందరు ఆశ్చర్యపడవచ్చును. హోసూరు ప్రాంతమున నివసించు మనకు ఆ ఆశ్చర్యము తగదు. బండ్లు తయారగు ఊరు మనది. మన పాఠశాలలో చదివి వెడలిన యువకులు నాలుగు దినములు సెలవు దొరకినచో మోటారుసైకిళ్లపై నీలగిరులకో, కొడగునకో, కొల్లిమలకో ప్రయాణమగుచున్నారు. కొల్లిమల దారిలో 70 హెయిర్‌పిన్ మలుపులు కలవు. అట్టి దారిలో ఎక్కుచున్న బండి మలుపు నడుమ హఠాత్తుగా నిలిచినచో, వెనుక వచ్చు లారీకి ఆ సంగతి ముందుగా తెలియదు. బిడ్డ బయలుదేరిన ఘడియనుండి ఇల్లు చేరు ఘడియ వరకు మీరు పడు ఆరాటము మేమెరుగనిది కాదు. సెలవు దినములందు పూర్వవిద్యార్థులతో కలసి మేము నడుపు చిన్న పనిశాలకు ఇట్లు నడిదారిలో నిలిచిన బండ్లు పెక్కు వచ్చుచున్నవి. వానిలో కొన్నింటికి కారణము అరచేతిలో ఇమిడిపోవు ఒక చిన్న వస్తువు. అదియే ఇంధనపు పంపు. దానిని మార్చు విధమును, అంతకంటె ముఖ్యముగా మార్చుటకు ముందు చేయవలసిన విచారణను మీకు విన్నవింప దలచితిమి.

పెద్దలెరిగిన పాత బండ్లలో ఈ పంపు లేదు. 1955లో మదరాసున ఎన్‌ఫీల్డు ఇండియా కంపెనీ ఏర్పడినది మొదలు దశాబ్దముల కాలము మనవారు నడపిన బుల్లెట్టు బండిలో పెట్రోలు ట్యాంకు పైనుండును, కార్బురేటరు క్రిందనుండును. నడుమ ఒక కుళాయి. దానిని త్రిప్పినచో పెట్రోలు తన బరువుచేతనే క్రిందికి దిగును. పంపు లేదు గనుక పంపు చెడుటయు లేదు. 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి దేశమంతట భారత్ స్టేజి 6 నిబంధనలు అమలులోనికి రాగా, పొగలోని విషవాయువులను తగ్గించుటకై మోటారుసైకిళ్లలో కార్బురేటరు స్థానమును ఇంజెక్టరు ఆక్రమించినది. దూరప్రయాణపు పెద్ద బండ్లలో కొన్నింటికి ఈ మార్పు అంతకు ముందే వచ్చియుండెను.

ఇంజెక్టరు అనగా సన్నని రంధ్రములు గల చిమ్మనగ్రోవి వంటిది. అది ఒక సెకనులో వేయింట కొన్ని వంతుల కాలము మాత్రమే తెరచుకొని, పెట్రోలును మంచువలె చిమ్మి మూసికొనును. ఇట్లు చిమ్ముటకు పెట్రోలు వెనుక గట్టి ఒత్తిడి ఉండవలెను. పెక్కు బండ్లలో ఈ ఒత్తిడి ఇంచుమించు 3 బార్లు. ఇది మోటారుసైకిలు టైరులోని గాలి ఒత్తిడికంటె అధికము. కేవలము బరువుచేత ఇంత ఒత్తిడి రావలెనన్నచో పెట్రోలు ట్యాంకును ఇంజనుకు 40 మీటర్ల ఎత్తున, అనగా ఒక పెద్ద దేవాలయ గోపురమంత ఎత్తున ఉంచవలసియుండును. ఆ గోపురము చేయవలసిన పనిని ట్యాంకులో మునిగియున్న ఈ చిన్న విద్యుత్ పంపు చేయుచున్నది.

పెట్రోలులో విద్యుత్ మోటారు మునిగియుండుట ప్రమాదము కాదా యని తల్లులు అడుగుట సహజము. మంటకు పెట్రోలు ఒక్కటియే చాలదు, గాలియు కావలెను. పంపు లోపల నిండుగా పెట్రోలే ప్రవహించుచుండును గనుక అక్కడ మంట పుట్టుటకు తగిన గాలి లేదు. పైగా ఆ ప్రవాహమే మోటారును చల్లబరచును, దాని తిరుగుడు భాగములకు నూనెవలె ఉపకరించును. ట్యాంకు ఎప్పుడును అడుగంటియుండ నడపువారి పంపులు త్వరగా అరుగుటకు ఇదియే హేతువు. చల్లబరచునది తగ్గినచో వేడి హెచ్చును.

పంపు క్షీణించుచున్నప్పుడు బండి కొన్ని గురుతులు చూపును. ఊరిలో మెల్లగా పోవునప్పుడు ఏ లోపమును కానరాదు. ఎక్కుడులోను, వేగమునందును ఇంజను తడబడును. ఏలయనగా ఇంజెక్టరును తెరపించు ఎలెక్ట్రానిక్ పెట్టె ఒత్తిడి సరిగానే యున్నదని నమ్మి కాలమును లెక్కించును. ఒత్తిడి తగ్గినచో అంత కాలములోనే తక్కువ పెట్రోలు పడును. మధ్యాహ్నపు ఎండలో బండి నిలిచి, అరగంట నీడనుంచిన పిదప ఏమియు ఎరుగనట్లు మరల కదలుటయు ఒక గురుతు. వేడెక్కిన పంపు చల్లారి లేచినదన్నమాట. ఈ లేచుటను చూచి మోసపోరాదు. మరునాటి ఎక్కుడులో అది మరల పడుకొనును.

ఇట్టి గురుతు కనబడగనే పంపు మార్చుట కొందరికి అలవాటు. మా పూర్వవిద్యార్థులలో ఒక యువకుని బండి ఎక్కుడులలో తడబడుచుండగా, ఒక మరమ్మతు దుకాణమువారు పంపు చెడినదని చెప్పి క్రొత్తది వేసిరి. కొన్ని వేల రూపాయలు వ్యయమయ్యెను. ఆ మాసమున తండ్రి ఇంటి ఖర్చులకు చేబదులు తెచ్చుకొనెను. రెండు మాసములు బండి చక్కగా నడిచినది. పిమ్మట కొల్లిమల దారిలో ఒక మలుపు నడుమ మరల నిలిచినది. వెనుక వచ్చుచున్న లారీ నడపువాడు నిదానస్తుడగుటచేత మన బిడ్డ మనకు దక్కెను. బండిని పనిశాలకు తెచ్చి, ట్యాంకును విప్పి చూడగా, అడుగున త్రుప్పు కలసిన నీరు నిలిచియుండెను. క్రొత్త పంపు నోటనున్న వడపోత జాలి ఆ త్రుప్పుతో పూడుకొనిపోయియుండెను. ట్యాంకు మూత క్రింది రబ్బరు చీలి, వానలో బండి నిలిపినప్పుడెల్ల నీరు లోనికి దిగుచుండెను. దుకాణమువారు పంపును మార్చిరి గాని పంపును చంపినదానిని మార్చలేదు. మేము ట్యాంకును కడిగి, మూత రబ్బరును, పంపును మార్చి పంపితిమి. నేడు మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట ఈ కథలోనే యున్నది. కారణము తెలియక వస్తువును మార్చుట మరమ్మతు కాదు.

కావున విచారణ తక్కువ ఖర్చుతో తేలునదానితో మొదలు కావలెను. మొదట ట్యాంకులో పెట్రోలు ఉన్నదో లేదో కన్నుతో చూడవలెను. ముల్లు చూపుదానిని నమ్మి ఊరుకొనరాదు. రెండవది, ట్యాంకు మూతలోని గాలిరంధ్రము. అది మూసికొనినచో పెట్రోలు తగ్గినకొలది లోపల శూన్యమేర్పడి పంపు పీల్చలేకపోవును. బండి తడబడినప్పుడు మూత తెరవగా గాలి బుస్సుమని లోనికి పోయి, వెంటనే ఇంజను కుదుటపడినచో తప్పు పంపుది కాదు. మూడవది బ్యాటరీ. నిండుగా ఉన్న బ్యాటరీ విశ్రాంతిగా నున్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపును. 12 వోల్టులకు దిగినదానితో పంపు బలముగా తిరుగదు. నాలుగవది ఫ్యూజు, రిలే, తీగెల కూడలి. కూడలిలో పచ్చని చిలుము పట్టినచో విద్యుత్తు సరిగా అందదు.

అయిదవది చెవితో చేయు పరీక్ష. ఇంజను ఆపు ఎర్రమీటను నడచు స్థానమునందుంచి తాళపుచెవి త్రిప్పినచో, ట్యాంకునుండి రెండు మూడు సెకనులు తుమ్మెద రొదవంటి ధ్వని వినబడి ఆగును. అది పంపు ఒత్తిడిని సిద్ధపరచు ధ్వని. ధ్వని వినబడనిచో, ఆ రెండు మూడు సెకనులలోనే పంపు కూడలివద్ద వోల్టులను కొలువవలెను. వోల్టులు వచ్చుచుండియు పంపు పలుకకున్నచో తప్పు పంపుది. వోల్టులు రాకున్నచో తప్పు తీగెలది. పంపు పలుకుచున్నను బండి తడబడుచున్నచో ఒత్తిడిమానికను తగిలించి చూడవలెను. సూచన పుస్తకములో చెప్పిన ఒత్తిడికి అది చేరకున్నచో జాలి పూడినదో, ఒత్తిడిని అదుపుచేయు భాగము చెడినదో, పంపు అరిగినదో విప్పి తెలిసికొనవలెను.

ఇక మార్చు విధము. ఈ పనిని ఆరుబయట, పగటివేళ చేయవలెను. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది గనుక నేలవెంట ప్రాకి దూరమున నున్న దీపమును, పొయ్యిని చేరగలదు. పొడి రసాయనపు అగ్నిమాపకము చేతికందునట్లుండవలెను. పెట్రోలు మంటపై నీరు పోసినచో పెట్రోలు నీటిపై తేలి మంట వ్యాపించును. ట్యాంకులోని పెట్రోలును ముందుగా తగిన డబ్బాలోనికి తీసివేయవలెను. పంపు కూడలిని ఊడదీసి, ఇంజను తనంతట ఆగువరకు నడపినచో గొట్టములోని ఒత్తిడి చాలవరకు దిగును. పిదప బ్యాటరీ ఋణధ్రువపు తీగెను విప్పవలెను. గొట్టపు కొసకు గుడ్డ చుట్టి మెల్లగా లాగవలెను. మిగిలిన పెట్రోలు గుడ్డలోనికి దిగును.

ట్యాంకును విప్పి, మెత్తని దుప్పటిపై బోర్లించి, పంపు పలక చుట్టునున్న దుమ్మును శుభ్రముగా తుడువవలెను. ఒక్క ఇసుక రేణువు లోపల పడినను క్రొత్త పంపునకు చేటు. పలక బోల్టులను ఒకదానికెదురుగా మరియొకటి చొప్పున కొద్దికొద్దిగా వదులు చేయవలెను. పంపును పైకి తీయునప్పుడు పెట్రోలు మట్టమును తెలుపు తేలుడు కడ్డీ వంగకుండ పంపును వాలుగా త్రిప్పి తీయవలెను. పాత పంపు ఏ దిక్కునకు ముఖము పెట్టియున్నదో గుర్తు పెట్టుకొనుట మేలు. పిమ్మట ట్యాంకు లోపలికి వెలుతురు చూపి అడుగును పరీక్షింపవలెను. త్రుప్పు, నీరు, బురద ఉన్నచో అవి పోవువరకు క్రొత్త పంపు పెట్టె తెరువనవసరము లేదు.

క్రొత్త పంపుతోపాటు పలక క్రింది రబ్బరు వలయమును తప్పక మార్చవలెను. పెట్రోలులో ఉబ్బిన పాత వలయము మరల తన చోటున కుదురదు. లోపలి గొట్టమును మార్చవలసినచో పెట్రోలులో మునిగియుండుటకై చేసిన గొట్టమునే వాడవలెను. బయట వాడు గొట్టము లోపల వేసినచో దాని పైపొర మెత్తబడి చెడును. బోల్టులను మరల ఎదురెదురుగా, సూచన పుస్తకములో చెప్పిన బిగువునకే బిగింపవలెను. బలము చూపినచో పలక వంగి పెట్రోలు ఊరును. అన్నియు కూర్చిన పిదప కొంత పెట్రోలు పోసి, ఇంజను నడపక, తాళపుచెవిని మూడు నాలుగు మారులు త్రిప్పి ఆపి, ప్రతి అతుకును కన్నుతోను, ముక్కుతోను పరీక్షింపవలెను. తడిగాని వాసనగాని లేనప్పుడే ఇంజను నడపవలెను. ఆ దినముననే కొండకు పోరాదు. ఊరి చుట్టుపట్ల కొన్ని దినములు నడపి, నమ్మకము కుదిరిన పిదపనే దూరప్రయాణము.

పంపు చిరకాలము మన్నుటకు చేయవలసినవి కష్టమైనవి కావు. ట్యాంకు నాల్గవ వంతునకు దిగకముందే పెట్రోలు పోయించుట ఒకటి. వానాకాలమునకు ముందు మూత రబ్బరును చూచుట ఒకటి. 2025 నాటికి మన దేశపు పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలిసినది. ఇథనాలు నీటిని పీల్చుకొనును. నీరు మితి మీరినచో రెండును కలసి పెట్రోలునుండి విడివడి అడుగునకు దిగును. పంపు నోరును అడుగుననే యున్నది. కావున మాసముల తరబడి కదలక నిలిచిన బండిని కొండ దారికి తీసికొనిపోవుటకు ముందు ట్యాంకు అడుగును పరీక్షింపవలెను. బండి పాతదైనచో ఈ పెట్రోలు దాని రబ్బరు భాగములకు సరిపడునో లేదో సూచన పుస్తకములో చూచుకొనవలెను.

తల్లిదండ్రులారా, మీలో పలువురు పానా పట్టనవసరము లేదు. దుకాణములో డబ్బు చెల్లించువారు మీరు గనుక మూడు ప్రశ్నలు మాత్రము అడుగుడు. పంపు కూడలివద్ద ఎన్ని వోల్టులు వచ్చినవి? ఒత్తిడి ఎంత ఉండెను? పాత పంపు జాలిని, ట్యాంకు అడుగును మాకు చూపెదరా? మంచి పనివాడు ఈ ప్రశ్నలకు సంతోషించును, చేతితో చూపి చెప్పును. జవాబు లేనిచోట బండిని వదలిరాకుడు. పదునెనిమిదేండ్లు నిండి, లైసెన్సు పొంది, బండి నడపు బిడ్డలకును ఈ ప్రశ్నలు నేర్పుడు. తాళపుచెవి త్రిప్పిన పిమ్మట రెండు మూడు సెకనులు ఊరకుండి ఆ తుమ్మెద రొదను వినుట వారికి అలవాటు కావలెను. కొండ దారిలో వారి ప్రాణము ఆ రొదమీద ఆధారపడియుండును. మా పనిశాల తలుపు వారికెల్లరకును తెరచియే యుండును.