ఎర్ర టోపీ, తెలుగు అక్షరము

వరంగల్లు నుండి ఖమ్మమునకు పోవు త్రోవలో తొర్రూరు ఉన్నది. 2016 వరకు వరంగల్లు జిల్లాలో నుండి, ఆ యేట మహబూబాబాదు జిల్లాలో చేరినది. ఆ యూరి పేరు వ్రాసినచో కంటికి కనబడునవి తొ, ర్రూ, రు అను మూడక్షరములే. కంప్యూటరు మాత్రము దానిని ఎనిమిది సంకేతములుగా దాచుకొనును: తకారము, ఒత్వము, రేఫము, పొల్లు, మరల రేఫము, కొమ్ము దీర్ఘము, ఇంకొక రేఫము, కొమ్ము. ఈ ఎనిమిదింటిని మూడుగా కూర్చి, వత్తును వత్తు చోట, కొమ్మును కొమ్ము చోట నిలుపువారెవరు? పూర్వము అచ్చుకూటములలో ఆ పని కంపోజిటరు వ్రేళ్ళది. నేడది ప్రోగ్రాములది. ఆ ప్రోగ్రాములలో కొన్నిటి చరిత్ర రెడ్ హ్యాట్, అనగా ఎర్ర టోపీ, అను అమెరికా వ్యాపారసంస్థతో పెనవేసికొని యున్నది.

ముందుగా లినక్సు సంగతి. 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ కంప్యూటరును నడుపు వ్యవస్థకు గర్భమైన ప్రోగ్రామును వ్రాసి లోకమునకు విడిచెను. మరుసటి యేట దానికి రిచర్డ్ స్టాల్మన్ రూపొందించిన జి.పి.యల్. లైసెన్సు వర్తింపజేసెను. ఆ లైసెన్సు ననుసరించి ప్రోగ్రాము మూలపాఠమును ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. కాని మార్చి పంచువాడు తన మార్పుల మూలపాఠమును గూడ పుచ్చుకొనువానికి ఇచ్చి తీరవలెను.

1994లో మార్క్ యూయింగ్ లినక్సును, దాని పరికరములను కూర్చి ఒక సంపుటిగా వెలువరించెను. విద్యార్థిదశలో అతడు ధరించిన తాతగారి ఎర్రచారల టోపీయే దానికి పేరైనది. 1995లో బాబ్ యంగ్ ఆ వ్యాపారమును కొని తన వ్యాపారముతో కలిపెను. అప్పటికి ఒక ప్రోగ్రామును ఎక్కింపవలెనన్న దానికి కావలసిన విడిభాగములను వాడుకరియే వెదకుకొనవలసి వచ్చెడిది. ఆ సంస్థవారి ఆర్.పి.యం. అను పనిముట్టు ప్రోగ్రామును మూటగట్టి, లోపలనేమున్నది, వెలుపలనుండి ఏమి కావలెను అను చీటీని జతపరచెను.

ఎవరైనను ఉచితముగా నకలు తీసికొనగల సరకును అమ్ముట ఎట్లు? సంస్థ అమ్మినది సరకును గాదు, పూచీని. లోపములు దిద్దుదుము, సంవత్సరముల తరబడి కనిపెట్టి యుందుము అని చందా పుచ్చుకొనెను. 1999 ఆగస్టులో దాని వాటాలు బజారున కెక్కెను. 2019లో ఐ.బి.యం. దానిని 3,400 కోట్ల డాలర్లకు కొనెను.

మన లిపికి దీనివలన మేలు కలిగినది. ఆ సంస్థలో పనిచేసిన ఓవెన్ టేలర్ ప్రధానముగా నిర్మించిన పాంగో, బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్ పెంచిన హార్ఫ్‌బజ్ అనునవి సంకేతములను అక్షరములుగా కూర్చు పరికరములు. హార్ఫ్‌బజ్ నేడు ఆండ్రాయిడ్ ఫోనులలోను, ఫైర్‌ఫాక్స్‌లోను పనిచేయుచున్నది. 2004 మొదలు ఆ సంస్థ లోహిత్ అను భారతీయ ఫాంట్లను వెలువరించెను. తెలుగు ఫాంటును తరువాత అందు చేరెను. సంస్కృతమున లోహితమనగా ఎరుపే గదా!

అయినను వ్యాపారము వ్యాపారమే. ఆ సంస్థ లినక్సునకు సరితూగు సెంట్ ఓఎస్ 2004 నుండి ఉచితముగా లభించుచుండెను. చందా కట్టలేనివారు దానినే నమ్ముకొనిరి. 2029 వరకు సాగుననుకొన్న దాని ఎనిమిదవ సంపుటిని 2021తో ముగింతుమని సంస్థ 2020 డిసెంబరులో ప్రకటించెను. 2023 జూనులో తన ప్రధాన సంపుటి మూలపాఠమును బహిరంగముగా నుంచుట మానెను, ఖాతాదారులకే ఇచ్చెదననెను. తమ శ్రమను ఊరక నకలు చేయుచున్నారని సంస్థ వాదము. నమ్మించి విడిచిరని వాడుకరుల వాదము. కొందరు చేతులు ముడుచుకొనక, ఆల్మా, రాకీ అను ప్రత్యామ్నాయములను 2021లోనే నిలిపిరి. లైసెన్సు హక్కు ఈయకున్న అది జరిగెడిది కాదు.

కావున సంస్థ దయ వేరు, లైసెన్సు ఇచ్చిన హక్కు వేరు. దయ యజమానితో మారును; హక్కు మారదు. కాని ఆ హక్కును వాడుకొను చేతులుండవలెను. హైదరాబాదులో స్వేచ్ఛ అను సంస్థ కార్యకర్తలు డెబియన్ లినక్సును తెలుగు చేసి చూపిరి. రేపు మన వత్తు తప్పుచోట పడినచో మూలపాఠము తెరచియే యున్నది. దానిని దిద్దు చేయి తొర్రూరు విద్యార్థిది ఏల కారాదు?