ఎదిగిన పిల్లలతో మాట్లాడాలె

(వాడలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో మా కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



కూలి రేట్ల మీద మీటింగు పెడితే అందరూ వస్తరు. బొందలగడ్డ భూమి కబ్జా అయిందంటే పరిగెత్తుకొస్తరు. ఈసారి ఎదిగిన పిల్లలతో ప్రేమ గురించి, ఒంటి ఆరోగ్యం గురించి, ఆడమగ సంబంధాల గురించి ఎట్ల మాట్లాడాలె అని కరపత్రం వేస్తే "మీకు సిగ్గు లేదా, ఇది కూడా ఉద్యమమేనా" అని మొఖం మీదనే అడిగిండ్రు. ఉద్యమమే. ఎందుకంటే ఈ పని బాబాసాహెబ్ మనకంటే ముందే చేసిండు.

బొంబాయిలో రఘునాథ్ ధోండో కర్వే అనే ఆయన 'సమాజ్ స్వాస్థ్య' అని మరాఠీలో ఒక పత్రిక నడిపేవాడు. ఆడమగ సంబంధాల గురించి, సుఖరోగాల గురించి జనం అడిగే ప్రశ్నలకు అందులో జవాబులు వేసేవాడు. బూతు రాస్తున్నాడని సనాతనులు కేసు పెట్టిండ్రు. 1934లో ఆయన తరఫున హైకోర్టులో నిలబడి వాదించిన వకీలు ఎవరో తెలుసా? అంబేద్కర్. ఈ విషయాల మీద రాసినంత మాత్రాన అది బూతు ఎట్లయితది అన్నది ఆయన వాదన. కేసు ఓడిపోయిండు, కర్వేకు జరిమానా పడ్డది. నాలుగేళ్లకు 1938లో బొంబాయి శాసనసభలో బాబాసాహెబ్ పార్టీ గర్భనిరోధం గురించి తీర్మానం తెచ్చింది. అదీ వీగిపోయింది. 1942 జూలైలో నాగపూర్ దళిత మహిళల సభలో పిల్లల పెళ్లిళ్లకు తొందరపడొద్దనీ, పెండ్లాం మొగునికి బానిస కాదు, సమానమైన స్నేహితురాలనీ చెప్పిండు. ఆయన విగ్రహానికి దండ వేస్తున్నం గానీ ఈ మాటలు మాత్రం ఇంట్లోకి తీసుకుపోతలేము.

అసలు ఈ సిగ్గు మనది కాదు. నాట్లేసేకాడ, కలుపు తీసేకాడ మన అమ్మలు ఎంత మోటు సరసాలు ఆడుకుంటరో ఇక్కడ కూర్చున్న అందరికీ ఎరికే. పొలంలో లేని సిగ్గు ఇంట్లో బిడ్డ ముందర ఎక్కడి నుంచి వస్తది? పెద్దకులాల ఇండ్లలో ఆడపిల్ల నోరు మూయించడమే గౌరవం. నాలుగు అక్షరాలు వచ్చి, గోడకు సున్నం పడంగనే మనమూ ఆ గౌరవం అరువు తెచ్చుకున్నం.

దాని ఖరీదు ఏందో చూడండి. పిల్లకు తెల్లబట్ట అయితుంది. తల్లితో చెప్పదు. పెండ్లయినంక కూడా చెప్పదు. దురద, వాసన, నడుంనొప్పి ఎక్కువైనంక ఆరెంపీ దగ్గరికి పోతది. ఆయన పట్నంలో ప్రైవేటు దవాఖానకు పంపుతడు. అక్కడ "గర్భసంచి చెడిపోయింది, తీసెయ్యకుంటే క్యాన్సర్ అయితది" అని భయపెడతరు. మందులతో తగ్గే ఇన్‌ఫెక్షన్‌కు ముప్పై ఏండ్లకే సంచి తీయించుకున్న ఆడోళ్లు ప్రతి వాడలో ఉన్నరు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశంలో అందరికంటే ఎక్కువ ఉన్నది మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే. అప్పు చేసి కోయించుకున్నం. ఆ తర్వాత బలం లేక కూలికి పోలేకపోయినం. పదిహేడేండ్ల బిడ్డతో "తెల్లబట్ట కొంత అందరికీ అయితది, రంగు మారినా, వాసనొచ్చినా, దురద పెట్టినా నాతో చెప్పు, ప్రభుత్వ దవాఖానకు పోదాం" అని తల్లి ఒక్క మాట అంటే చాలు. ఆ మాటకు పైసలు కావు.

మగపిల్లల సంగతి ఎవరూ ఎత్తరు. వాడికి మీసం వచ్చింది, చేతిలో ఫోను ఉన్నది. ఆ ఫోనులో చూసిన బూతు సినిమానే వానికి పాఠం. అందులో ఆడమనిషి వద్దంటే కావాలని అర్థం. తండ్రి ఏమో "వాడు మగోడు, వాడే నేర్చుకుంటడు" అంటడు. ఏం నేర్చుకుంటడయ్యా? వద్దు అంటే వద్దు అని వానికి చెప్పాల్సింది తండ్రే. నిరోధ్ ఎట్ల వాడాలె, ఒకసారి వాడినది మళ్లీ వాడొద్దు, ఆశా అక్క దగ్గర దొరుకుతది, ప్రైమరీ హెల్త్ సెంటర్‌లో ఊరికే ఇస్తరు అన్నది కూడా చెప్పాలె. హెచ్‌ఐవీ పరీక్ష సర్కారు దవాఖానలో ఫ్రీ, పేరు బయటపెట్టరు, ఉన్నదని తేలినా మందులు ఫ్రీ, రోజూ వేసుకుంటే అందరిలెక్క బతకొచ్చు. 1097 నంబరుకు ఫోన్ చేస్తే పైసా ఖర్చు లేకుండా అడిగి తెలుసుకోవచ్చు.

ఇంక పట్నంలో చదువుకునే మన ఆడపిల్ల గురించి. పెద్దకులపు పిల్లగాడు పెండ్లి చేసుకుంట అంటడు. నెల తప్పినంక "మా ఇంట్లో ఒప్పుకోరు" అంటడు. అందరూ అట్ల ఉంటరని మేము అంటలేము. కానీ వాని దగ్గర కులం ఉన్నది, పైసలున్నయి, పోలీస్ స్టేషన్‌లో చుట్టమున్నడు. మన పిల్ల దగ్గర ఏమున్నది? మనం ఉండాలె. కొట్టి, చదువు మాన్పించి, నెల తిరగకుండా ఎవనికో ఇచ్చి చేస్తే వానికి ఇంకింత సులువు చేసినట్టే. పెండ్లి చేసుకునే ఉద్దేశం లేకుండా మాటిచ్చి లోబరుచుకుంటే 2024 జూలై నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత 69వ సెక్షన్ కింద పదేండ్ల దాకా జైలు. దళిత స్త్రీని ఆమె ఇష్టం లేకుండా లైంగికంగా తాకితే అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు. 2016 జనవరి నుంచి అమలైన సవరణలో ఇంకో మాట చేర్చిండ్రు: ఆమె తిరగబడి పెనుగులాడలేదన్న ఒక్క కారణంతో ఒప్పుకున్నట్టు అనుకోరాదు. ఈ మాట మన పిల్లకు తెలియాలె. మన కొడుక్కీ తెలియాలె.

కడుపు తీయించుకోవాల్సి వస్తే మెడికల్ షాపులో గోలీలు కొని దొంగతనంగా మింగొద్దు. రక్తం పోయి ప్రాణం మీదికి వస్తది. పద్దెనిమిది నిండిన ఆడమనిషికి పెండ్లయినా కాకపోయినా తన సంతకం ఒక్కటే చాలు. మొగుడు, తండ్రి సంతకం అక్కర్లేదు. ఇరవై వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయంతో చేయొచ్చు. చట్టం చెప్పిన కొన్ని పరిస్థితుల్లో ఇరవై నాలుగు వారాల దాకా కూడా వీలున్నది, పెండ్లి కానోళ్లను అందులో నుంచి తీసేయరాదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. పద్దెనిమిది నిండకపోతే పెద్దవాళ్ల సంతకం కావాలె. అంటే ఆ పిల్ల మీ దగ్గరికే రావాలె. మీ మొఖం చూసి భయపడితే ఎవరి దగ్గరికి పోతది?

ఇదే వయసు లెక్క మగపిల్లలకు ఇంకో తీరుగ వర్తిస్తది. పద్దెనిమిది నిండని పిల్ల ఇష్టపడి వచ్చినా 2012 పోక్సో చట్టం కింద అది నేరమే. ఆ పిల్ల పెద్దకులం అయితే ఆమె తండ్రి ముందు పట్టుకునేది ఈ చట్టాన్నే. కొడుక్కి ఈ సంగతి చెప్పకుండా పట్నం పంపడం కండ్లకు గంతలు కట్టి పంపడమే.

మరి వయసు నిండినోళ్లు ఇష్టపడితే? ఇక్కడ మన గుండె ఆగిపోతది, తెలుసు. మిర్యాలగూడలో 2018 సెప్టెంబరు 14న ప్రణయ్‌ను నరికిండ్రు. కడుపుతో ఉన్న భార్యకు పరీక్ష చేయించుకొని దవాఖాన నుంచి బయటికి వస్తుంటే. నల్లగొండ కోర్టు 2025 మార్చిలో ఒకనికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. శిక్ష పడ్డది గానీ పిల్లగాడు రాలేదు. అందుకని "పెద్దకులపు పిల్లను ప్రేమించినవంటే కాళ్లు ఇరగ్గొడత" అని మనం అంటే ఏమయితది? ప్రేమ ఆగదు. మనకు చెప్పడం ఆగుతది. బెదిరింపు ఫోన్లు వచ్చినప్పుడు కూడా మనకు చెప్పడు. చెప్పినోని కోసం ముందుగనే పది మందిమి నిలబడొచ్చు, ఎస్పీకి దరఖాస్తు పెట్టొచ్చు. ఇద్దరు మేజర్లు ఒకరినొకరు కోరుకుంటే కుటుంబం, కులం ఒప్పుకోవాల్సిన పని లేదనీ, జిల్లాల్లో వాళ్ల రక్షణకు ప్రత్యేక విభాగం, తలదాచుకునే ఇల్లు ఏర్పాటు చేయాలనీ 2018 మార్చిలోనే సుప్రీంకోర్టు చెప్పింది. మన జిల్లాలో అవి ఎక్కడున్నయో అడుగుడు మన కమిటీ పని.

కోపం రాకుంటే ఇంకొక మాట. మాల పిల్ల మాదిగ పిల్లగాణ్ని తెచ్చుకుంటే మనం ఏం చేస్తున్నం? వెలి వేస్తలేమా? మిర్యాలగూడ గురించి ఉపన్యాసం చెప్పి ఇంటికొచ్చి కోడల్ని వేరే చెంబులో నీళ్లు తాగమనే పెద్దమనుషులు మనలో లేరా? "ఎవనితోనన్న పోతదేమో" అన్న భయంతో పదహారేండ్లకే పెండ్లి చేస్తున్నమా లేదా? 2019-21 సర్వేలో ఇరవై నుంచి ఇరవై నాలుగేండ్ల ఆడోళ్లలో పద్దెనిమిది నిండకముందే పెండ్లయినోళ్లు ఆంధ్రలో నూటికి 29 మంది, తెలంగాణలో 23 మంది.

ఎట్ల మొదలు పెట్టాలె అని అడుగుతున్నరు. పీట వేసి కూర్చోబెట్టి పాఠం చెప్తే పిల్లలు పారిపోతరు. పత్తి ఏరేకాడ, బస్సు కోసం నిలబడ్డకాడ, టీవీలో సినిమా చూసేకాడ మాట కలపాలె. ఫోను గుంజుకొని చూడొద్దు. వాళ్లు ఏదన్న చెప్తే మీ నోట్ల నుంచి వచ్చే మొదటి మాట తిట్టు కాకూడదు. "చెప్పినవు, మంచిపని చేసినవు" అనండి, మిగతా కోపం తర్వాత చూసుకోవచ్చు. తల్లి లేని ఆడపిల్ల ఉంటే తండ్రి చెప్పాలె, లేదా మేనత్తకు అప్పజెప్పాలె. ఇప్పటికీ నోరు రాకపోతే నర్సమ్మ ఉన్నది.

వచ్చే ఆదివారం పొద్దున ఆ నర్సమ్మే ఇక్కడికి వస్తది. ఆడోళ్లకు ఒక గంట, మగోళ్లకు ఒక గంట, తర్వాత అందరికీ కలిపి. అడగడానికి సిగ్గయితే పేరు రాయకుండా చీటీ వేయండి, అంబేద్కర్ భవనం కిటికీ పక్కన అట్టడబ్బా పెట్టినం. రాయరాని ముసలోళ్ల తరఫున మనవళ్లు రాయొచ్చు. నిన్న సాయంత్రానికి పదకొండు చీటీలు పడ్డయి. అందులో నాలుగు పెద్దోళ్లవే, చేతిరాత చూస్తే తెలుస్తనే ఉన్నది.