ఇంటిపేరు ముందుండాలి

ఈరోజు నా తప్పొకటి మీ ముందు ఒప్పుకుంటాను.

కొన్నేళ్ల క్రితం మా ఊరి ఉగాది వేడుకకు రిజిస్ట్రేషన్ పేజీని జాంగోలో నేనే రాశాను. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని ఫారాలు, అన్నీ ఒకే పేజీలో. ప్రతి ఫారంలోనూ గడి పేరు ఒక్కటే: "నేమ్". బ్రౌజరు నలుగురి పేర్లూ పంపింది. కానీ ఒకే పేరుతో వచ్చినవాటిలో జాంగో మామూలుగా చివరిదే చేతికిస్తుంది. దాంతో ఒక కుటుంబానికి నాలుగు బ్యాడ్జీలూ చంటివాడి పేరుతోనే వచ్చాయి. ఇండియా నుంచి వచ్చిన బామ్మగారు "మరి నా పేరేదీ నాయనా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

మందు చిన్నదే. ప్రతి ఫారానికీ వేరే ప్రిఫిక్స్ ఇవ్వాలి. "ఫారంసెట్" వాడితే ఆ పని అదే చేస్తుంది: గడులు "ఫారం-0-నేమ్", "ఫారం-1-నేమ్" అవుతాయి. మొత్తం ఎన్ని ఫారాలో దాచిన గడి ఒకటి చెబుతుంది.

బళ్లో ముగ్గురు శ్రీనివాసులుంటే మన మాస్టారు చేసిందీ ఇదే. ఇంటిపేరు కలిపి పిలిచేవారు. అమెరికా వచ్చి ఇంటిపేరును చివరికి నెట్టేశాం. ప్రోగ్రాములోనైనా ముందుంచుదాం.

ఇంకొక్క మాట. నేను ఒక్కడి పేరుతోనే పరీక్షించాను. మీరు నిండు కుటుంబంతో పరీక్షించండి. సెలవు.