పేనుకు కులం లేదు
(సరూర్‌నగర్ బస్తీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"మీ వాడపిల్లల తలనిండా పేలే" అని బళ్లో వెనక బెంచీకి నెట్టించుకున్నోళ్లం మనలో చానామందిమి ఉన్నాం. ఆ మాటకు ఈరోజు జవాబు చెప్పుకుందాం.

పేను ఎగరదు, దుంకదు. తలకు తల ఆనితే పాకుతది. దొర బిడ్డదైనా కూలి బిడ్డదైనా దానికి కావల్సింది నెత్తురే. తలపేనుతో దురద, గోకితే పుండ్లు. పెద్ద జబ్బులు మోసేది అది కాదు, చీరపేను. అది బట్టల కుట్లలో గుడ్లు పెట్టి, నెత్తురు తాగటానికే ఒంటిమీదికి వస్తుంది. బట్టలు మార్చుకొని ఉతుక్కునే వీలున్నచోట అది నిలవదు.

1907లో నాసిక్‌లో మెకీ అనే డాక్టరు ఒక మిషన్ పిల్లల్ని పరీక్షించాడు. పేలు ఎక్కువున్న మగపిల్లలకే తిరగబెట్టే జ్వరం ఎక్కువొచ్చింది. 1909లో ట్యునిస్ నగరంలో నికోల్ అనే డాక్టరు ఇంకోటి చూశాడు. టైఫస్ జ్వరం (టైఫాయిడ్ కాదు) రోగుల బట్టలు ముట్టినోళ్లకు అంటుతోంది. స్నానం చేయించి, బట్టలు మార్చి వార్డులోకి తెచ్చాక ఎవరికీ అంటటం లేదు! చీరపేను రెట్టలోని క్రిమి, గోకిన గాయంలోంచి ఒంట్లోకి పోతుందని తర్వాత తేలింది. నికోల్‌కు 1928లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

అంటే రోగాన్ని ఆపింది నీళ్లు, మారుబట్ట. మరి మనకు నీళ్లు ముట్టనియ్యనిదెవరు? చెరువు నీళ్ల కోసమే గదా బాబాసాహెబ్ 1927లో మహద్‌లో పోరాడింది! నీళ్లు ఆపినోళ్లే మనల్ని మురికోళ్లన్నారు.

2020 అక్టోబర్‌లో మన సరూర్‌నగర్ చెరువు పొంగి కింది కాలనీలు మునిగినయి. అట్లా ఒంటిమీది బట్టతో జనం ఒక్కచోట ఇరుక్కుంటే, చీరపేనుకు అదే అదను. కాబట్టి వరదలప్పుడు బియ్యంతోపాటు మారుబట్టలు, సబ్బు, నీళ్లు అడుగుదాం. హాస్టల్లో పిల్లలకు సబ్బులు, నీళ్లు సరిగా అందుతున్నయో లేదో చూద్దాం.

ఇంట్లో చెయ్యాల్సింది: తడితలను ఈరుపెనతో దువ్వాలె. ఇంటిల్లిపాదికీ ఒకేసారి చూడాలె. ఈపులు పొదుగుతయి గనక వారం, పదిరోజులకు మళ్లీ చెయ్యాలె. మందు సర్కారు దవాఖానలో అడగాలె. తలకు కిరసనాయిలు, పురుగుమందు పుయ్యొద్దు, ప్రాణం పోతది. బిడ్డకు గుండు కొట్టించి అవమానించొద్దు.

పేను మన సిగ్గు కాదు. నీళ్లియ్యనోళ్ల సిగ్గు. జై భీమ్!